లైటు వెలుగుతోంది, నీళ్లు మంచివేనా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల కింద మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "అన్నా, నువ్వు ఓడల మీద తిరిగినవు, ఏదన్న చెప్పు, పిల్లలు వింటరు" అన్నాడు. మనకు సముద్రం ఎటు పోయినా ఒక రాత్రి ప్రయాణం. తుపాను కథలు చెప్పమంటాడేమో అనుకున్నాను. కానీ పొద్దున బడిలోకి అడుగుపెట్టగానే స్టాఫ్ రూమ్ పక్కన రిబ్బన్ కట్టిన నీళ్ల ప్లాంటు కనపడింది. మనమందరం తలా ఇంత వేసుకుని బడికి ఇచ్చిన కానుక అది. లోపల ఊదారంగు లైటు వెలుగుతోంది. దాన్ని చూశాక రాసుకొచ్చిన కాగితాలు జేబులోనే ఉంచాను. ముప్పై ఏళ్లకు పైగా ఓడల ఇంజను గదుల్లో నేను కాపలా కాసిన వస్తువుల్లో అలాంటి లైటు ఒకటి. అందుకని ఇవాళ తాగే నీళ్ల గురించే మాట్లాడతాను.

ముందు మన నీళ్ల సంగతి. మా ఊరు గోదావరికి అవతల, ధర్మపురి వైపు. బడి ఇవతల. అప్పుడు అటు కరీంనగర్ జిల్లా, ఇటు ఆదిలాబాద్ జిల్లా. ఇప్పుడు జగిత్యాల, మంచిర్యాల అంటున్నారు, నాకింకా నోరు తిరగదు. ఎండాకాలం ఇసుకలో నడిచి, మిగతా రోజులు పుట్టిలో దాటి వచ్చేవాళ్లం. ఎండాకాలంలో దారిలో దాహమైతే ఇసుకలో చెలిమె తవ్వుకునేవాళ్లం. మొదటి దోసెడు నీళ్లు పారబోసి, తేటపడ్డాక తాగాలని మా నాయన నేర్పాడు. చెలిమె నీళ్లంత తియ్యటి నీళ్లు నేను ఏ దేశంలోనూ తాగలేదు. ఇసుక మంచి వడపోతే, అందులో అబద్ధం లేదు. కానీ గట్టున ఊళ్లు ఉన్నాయి, ఊళ్ల మురికి ఉంది, తొలకరి వానకు అదంతా నదిలోకి దిగుతుంది.

వానాకాలం మొదట్లో గత్తర అన్న మాట వినపడితే అమ్మలు పిల్లల్ని గడప దాటనిచ్చేవాళ్లు కాదు. ఇంటి ముందు వేపమండలు కట్టేవాళ్లు, పోచమ్మకు బోనం మొక్కేవాళ్లు. బావి దగ్గర ఏం జరుగుతోందో మాత్రం ఎవరూ అడగలేదు. ఏడో తరగతిలో నా పక్కన ఒకడు కూర్చునేవాడు. పేరు చెప్పను, వాడి అన్న ఈ సభలోనే ఉన్నాడు. రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు లెక్కల సారు హాజరు పిలుస్తూ వాడి పేరు దగ్గర ఆగి, ఏమీ అనకుండా తర్వాతి పేరుకు వెళ్లారు. మాకెవరికీ ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది.

ఆ తర్వాత పదో తరగతి, ఇంటరు, కలకత్తాలో మెరైన్ ఇంజనీరింగ్ శిక్షణ. ఓడెక్కాను. మొదటిసారి సెలవుకు వచ్చినప్పుడు మా అమ్మ అడిగింది: "చుట్టూ నీళ్లేనాయె, తాగేందుకు యాడికెళ్లి తెచ్చుకుంటర్రా?" ఇంత మంచి ప్రశ్న నన్ను ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు.

తాగే నీళ్లు ఓడకు రెండు దారుల్లో వస్తాయి. రేవులో కొని నింపుకోవడం ఒకటి, సముద్రపు నీటినుంచి తయారు చేసుకోవడం ఇంకొకటి. తయారు చేసే యంత్రాన్ని ఫ్రెష్ వాటర్ జనరేటర్ అంటారు. పెద్ద ఇంజను చుట్టూ తిరిగే చల్లార్చే నీరు ఎనభై డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడిని ఊరికే పోనియ్యకుండా సముద్రపు నీటిని కాచడానికి వాడతాం. ఎనభై డిగ్రీల వేడితో నీరు ఎట్లా మరుగుతుంది అంటారేమో. యంత్రంలో ఉన్న గాలిని లాగేస్తాం. ఒత్తిడి తగ్గితే నీరు నలభై, యాభై డిగ్రీలకే మరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌కు ఇది తిరగేసిన వ్యవహారం. ఆవిరి చల్లబడి మంచినీరు అవుతుంది, ఉప్పు వెనకే ఉండిపోతుంది. ఒక మామూలు సరుకు ఓడలో రోజుకు పదిహేను, ఇరవై టన్నులు వస్తాయి.

వినడానికి బాగుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. ఇంట్లో "కాచి చల్లార్చిన నీళ్లు" అంటే క్రిములు చచ్చిన నీళ్లు. నలభై ఐదు డిగ్రీలకు మరిగిన నీళ్లలో క్రిములు చావవు, ఆవిరితోపాటు ఎగిరిన తుంపరలో ఇవతలికి దాటి రాగలవు కూడా. అందుకే తీరానికి దగ్గరలో, నదులు కలిసే చోట, ఇతర ఓడలు లంగరు వేసిన చోట ఈ యంత్రం నడపొద్దని నియమం. సాధారణంగా తీరానికి ఇరవై నాటికల్ మైళ్ల లోపల ఉంటే ఆపేస్తాం. నడిసముద్రంలో తయారైన నీటిని కూడా శుద్ధి చేశాకే తాగుతాం. అప్పటికి అది ఉప్పూ లేని, రుచీ లేని నీరు. పైపులను తినేస్తుంది. అందుకని సున్నపురాయి లాంటి ఖనిజాల గుండా పంపి కొంచెం గట్టిపరుస్తాం.

ఓడలో నీళ్లు చెడడం కొత్త సంగతేమీ కాదు. 1860లో మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడలో మన తెలుగువాళ్లు చెరకు తోటల్లో కూలికి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు వెళ్లారు. అదే నవంబరులో కలకత్తా నుంచి వచ్చిన 'బెల్వెడేర్' ఓడలో కలరా సోకి కొందరు దారిలోనే పోయారు. వారాల తరబడి చెక్క పీపాల్లో నిలవున్న నీళ్లు, ఇరుకు, మురికి. ఇవాళ ఓడలో పీపాలు లేవు, ఉక్కు ట్యాంకులు ఉన్నాయి. అయినా నీరు చెడే దారులు అలాగే ఉన్నాయి. రేవులో గొట్టం నేల మీద పడేస్తారు, దాని మూతి బురదలో ఉంటుంది. ట్యాంకు గాలిగొట్టానికి ఉండే జాలి చిరుగుతుంది. వాడని పైపు ముక్కలో నీరు నిలిచి వెచ్చబడుతుంది. ఇరవై ఐదు నుంచి యాభై డిగ్రీల మధ్య లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. అది తాగితే కాదు, షవర్ తుంపర పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ లెక్కలన్నీ చూసే ఆరు నెలలకొకసారి ఓడకు పారిశుద్ధ్య ధ్రువపత్రం ఇస్తారు. అది లేకపోతే రేవులో తిప్పలు తప్పవు.

ఇక ఊదారంగు లైటు. దాని పేరు అల్ట్రా వయొలెట్, తెలుగులో అతినీలలోహితం. పేరు నోరు తిరగకపోతే యూవీ అనండి చాలు. నిజానికి మనకు కనపడే ఆ ఊదారంగుకు పని చేసే కాంతికీ సంబంధం తక్కువ. పని చేసేది 254 నానోమీటర్ల దగ్గరి కిరణం, అది కంటికి కనపడదు. క్రిమి లోపలి డీఎన్‌ఏ మీద ఈ కిరణం పడితే దాని అక్షరాలు రెండేసి అతుక్కుపోతాయి. క్రిమి అప్పటికప్పుడు చచ్చిపోతుందని కాదు, ఇక పిల్లల్ని పెట్టలేదు. పిల్లల్ని పెట్టలేని క్రిమి మన కడుపులో జబ్బు చేయలేదు. నీటిలో ఏమీ కలపం, రుచి మారదు, వాసన రాదు. 1910లోనే ఫ్రాన్సులో మార్సేయి నగరంలో తాగునీటికి దీన్ని వాడి చూశారు. క్లోరిన్‌కు లొంగని క్రిములు కొన్ని దీనికి లొంగుతాయి. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి నల్లా నీళ్లలో వచ్చి నాలుగు లక్షల మందికి విరేచనాలు అయ్యాయని అంచనా. అది క్లోరిన్‌కు మొండిది, యూవీకి మెత్తనిది.

ఇంత మంచి వస్తువును నేను ఎందుకు అనుమానంగా చూస్తానో చెప్పాలి. ఇది ఇంతవరకు మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1990ల్లో మాట. అప్పుడు నేను థర్డ్ ఇంజనీరును. ఓడ పేరు, రేవు పేరు వద్దు. ఒక నది ముఖద్వారం దగ్గర రేవులోకి వంతు రాక పదకొండు రోజులు లంగరు వేసుకుని నిలబడ్డాం. తీరం కనపడేంత దగ్గర, అందుకని నీళ్లు తయారు చేసే యంత్రం ఆపేశాం. ట్యాంకులు తగ్గుతుంటే పడవలో నీళ్లు తెప్పించారు. పలచటి టీ రంగులో ఉన్నాయి. లెక్క ప్రకారం క్లోరిన్ పొడి కలిపాం. అయితే మట్టి, ఆకుల రసం ఉన్న నీళ్లు క్లోరిన్‌ను మింగేస్తాయి. కలిపిన అరగంట తర్వాత ఇంకా ఎంత మిగిలిందో కొలవాలి. ఆ రోజు ఎవరమూ కొలవలేదు. ఏమవుతుందిలే, ఆఖర్న యూవీ ఉంది కదా అనుకున్నాం.

ఆ యూవీ నా చార్జిలో ఉంది. రోజూ పొద్దున దాని ముందు నిలబడి, పచ్చ దీపం వెలుగుతోందా లేదా చూసి, లాగ్ బుక్కులో "యూవీ: ఆన్" అని రాసి సంతకం పెట్టేవాణ్ని.

పడవ నీళ్లు ఎక్కించిన నాలుగో రోజు మెస్ బాయ్ పడిపోయాడు. శ్రీకాకుళం వైపు పిల్లవాడు, పంతొమ్మిదేళ్లు, అదే మొదటి ఓడ. ఆ ఓడలో తెలుగువాళ్లం మేమిద్దరమే, ఎవరూ లేనప్పుడు నన్ను అన్నా అనేవాడు. రాత్రికి కళ్లు లోపలికి పోయాయి. "అన్నా, కాళ్లు లాగేస్తన్నాయి" అన్నాడు. ఒంట్లో నీరూ ఉప్పూ పోతే కండరాలు అట్లా పట్టేస్తాయి. నాకు వెంటనే ఏడో తరగతి బెంచి గుర్తొచ్చింది. గ్లాసుల కొద్దీ ఓఆర్ఎస్ తాగించాం, తాగింది తాగినట్టే పోతోంది. తెల్లవారేలోపు ఇంకా ఎనిమిది మంది మంచాలెక్కారు. కెప్టెన్ వైర్‌లెస్‌లో అడిగి, అడిగి, చివరికి మధ్యాహ్నం ఒక లాంచీ వచ్చింది. ఆ పిల్లవాణ్ని స్ట్రెచర్ మీద కట్టి ఓడ పక్కనుంచి కిందికి దించాం. తాడు పట్టుకున్నవాళ్లలో నేనొకణ్ని.

సాయంత్రం సెకండ్ ఇంజనీరు నన్ను పిలిచి యూవీ విప్పమన్నాడు. దీపానికీ నీటికీ మధ్య ఒక గాజు గొట్టం ఉంటుంది. మామూలు గాజు కాదు, క్వార్ట్జ్. మామూలు గాజు ఈ కిరణాన్ని ఆపేస్తుంది కాబట్టి క్వార్ట్జే వాడతారు. విప్పి బయటికి తీస్తే అది టీ హోటల్లో నాలుగు రోజులు కడగని గ్లాసులాగా ఉంది. గోధుమరంగు పొర, నీటిలోని ఇనుము, సున్నం, మట్టి. ఆయన గొట్టం లోపల టార్చి పెట్టాడు. ఆ టార్చి వెలుగే సరిగ్గా ఇవతలికి రాలేదు. ఇక కంటికి కనపడని కిరణం సంగతి చెప్పేదేముంది. దీపం పెట్టి ఎన్ని గంటలైందని అడిగాడు. రికార్డు వెతికితే పద్నాలుగు వేల గంటలు దాటింది. ఇలాంటి దీపం సుమారు తొమ్మిది వేల గంటలు, అంటే ఆపకుండా వాడితే ఒక ఏడాది పని చేస్తుంది. తర్వాత కూడా వెలుగుతూనే ఉంటుంది. ఊదారంగు అలాగే ఉంటుంది, పని చేసే కిరణం మాత్రం తగ్గిపోతుంది.

ఆయన తిట్టలేదు. లాగ్ బుక్కు తెరిచి నా పదకొండు సంతకాలు చూపించి, "నువ్వు చూసింది లైటునా, నీళ్లనా?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

పిల్లవాడు బతికాడు. రేవు ఆస్పత్రిలో సెలైన్లు ఎక్కించారు, పది రోజులకు లేచి కూర్చున్నాడు, అక్కణ్నుంచే ఇంటికి పంపారు. ఇప్పటికీ సంక్రాంతికి ఫోన్ చేస్తాడు. నా సంతకాల సంగతి వాడికి తెలియదు. ఈ సంచిక అచ్చయ్యాక ఒక కాపీ పంపుతాను.

అప్పటినుంచి నా చేతి కింద ఉన్న ప్రతి ఓడలో గొట్టాన్ని నెలకొకసారి విప్పించి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో కడిగించాను. మన ఇళ్లలో పచ్చళ్లకూ పులుసులకూ వాడే నిమ్మ ఉప్పే. దీపం గంటలు లెక్క రాయించాను. నల్లా నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపాను. దాన్ని చాదస్తం అన్నవాళ్లున్నారు. అననివ్వండి.

ఈ గాజు గొట్టం తిప్పలు లేకుండా చేసిన ఒక మనిషి ఉన్నాడు. 1992, 93ల్లో బెంగాల్‌లో, బంగ్లాదేశ్‌లో కొత్త రకం కలరా వచ్చి వేలమంది పోయారు. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీలో పనిచేస్తున్న మన ముంబయి శాస్త్రవేత్త అశోక్ గాడ్గిల్ ఆ వార్తలు చదివి ఒక పెట్టె తయారు చేశాడు. అందులో దీపం నీటిలో మునగదు. నీరు పళ్లెంలాంటి దాంట్లో పలచగా పారుతుంటే దీపం పైన గాలిలో వేలాడుతుంది. నీరు తగలదు కాబట్టి పొర పట్టదు. అరవై వాట్ల కరెంటుతో నిమిషానికి పదిహేను లీటర్లు శుద్ధి అవుతాయి. ఆ పద్ధతితో నడిచే ఊరి నీళ్ల కేంద్రాలు మన తెలుగు గడ్డ మీదే, అప్పటి కృష్ణా జిల్లా బొమ్మినంపాడులో 2000ల మధ్యలో మొదలయ్యాయి. నన్నడిగితే అక్కడ పెట్టె కంటే గొప్ప సంగతి, దాని దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టడం. బిందెకు ఇంత అని డబ్బు తీసుకున్నారు, ఆ డబ్బుతో మనిషికి జీతం ఇచ్చారు. తాగేనీళ్లకు డబ్బులేమిటని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలోనూ న్యాయం ఉంది. కానీ జీతం ఉన్న మనిషి ఉంటే గొట్టం కడుగుతాడు.

ఇప్పుడు మన ప్లాంటు దగ్గరికి వద్దాం. కానుక ఇచ్చిన రోజే వంకలు పెడుతున్నాడని అనుకోకండి. అందులో నా డబ్బులూ ఉన్నాయి.

పొద్దున రిబ్బన్ కత్తిరించాక ఫొటోలకు నిలబడకుండా వెనక్కి వెళ్లి చూశాను. మన బడికి వచ్చేవి మిషన్ భగీరథ నీళ్లు. శుద్ధి చేసి క్లోరిన్ కలిపి పంపిస్తారు. ఆ క్లోరిన్ పైపుల్లో, ట్యాంకులో నీటికి కాపలా. ఆ నీరు మన బడి మేడమీద సిమెంటు ట్యాంకులోకి ఎక్కుతుంది. అక్కణ్నుంచి ప్లాంటులోకి. ప్లాంటులో ముందు బొగ్గు ఫిల్టరు ఉంది. అది వాసన తీస్తుంది, దాంతోపాటు క్లోరిన్‌నూ తీసేస్తుంది. తర్వాత యూవీ. యూవీ తన ముందు నుంచి పోయే నీటిని ఆ రెండు మూడు సెకన్లు మాత్రమే చూసుకుంటుంది. దాటి వెళ్లిన నీటికి దాని రక్షణ ఏమీ ఉండదు. తర్వాత ఆ నీరు స్టీలు డ్రమ్ములోకి పోతుంది. శనివారం మిగిలిన నీళ్లు సోమవారం పొద్దున దాకా, క్లోరిన్ లేకుండా, ఎండ తగిలే వరండాలో ఉంటాయి. ఆ డ్రమ్ముకు నల్లా ఉంది, అయినా పైన మూత తీసి గ్లాసు ముంచుతున్న పిల్లవాణ్ని పొద్దున నేనే చూశాను. పిల్లవాడి తప్పు కాదు, నల్లా సన్నగా వస్తోంది, వాడికి దాహంగా ఉంది.

ఇంకొకటి. కరెంటు పోతే దీపం ఆరుతుంది, నీళ్లు మాత్రం ఆగవు, ట్యాంకు పైన ఉంది కాబట్టి పారుతూనే ఉంటాయి. ఓడలో అయితే దీపం ఆరిన క్షణం నీటిని మూసేసే వాల్వు ఉంటుంది. దాన్ని ఇక్కడ బిగించడం పెద్ద ఖర్చు కాదు, మన ఊరి ఎలక్ట్రీషియన్ చేయగలడు. డ్రమ్ము కింద వాల్వు కూడా పెట్టిస్తే సోమవారం పొద్దున పాత నీళ్లు వదిలేసి కొత్తవి పట్టొచ్చు. ఆ పాత నీళ్లు వేపచెట్టుకు పోనివ్వండి, వేసవిలో అది ఎండుతోంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి, తర్వాత ఎవరూ మోసపోకూడదు. ఈ లైటు క్రిముల కోసమే. నీటిలో ఫ్లోరైడ్ ఉంటే, నైట్రేటు ఉంటే, ఉప్పు ఉంటే ఇది ఏమీ చేయలేదు. భగీరథ నీళ్లు రాని రోజున బోరు నీళ్లు ట్యాంకులోకి ఎక్కించి "ప్లాంటు ఉంది కదా" అనుకోవద్దు. మురికి నీళ్లకూ ఇది పనికిరాదు. నీటిలో మట్టి ఉంటే దాని నీడలో క్రిమి దాక్కుంటుంది. మనకు మట్టి నీళ్లు వచ్చేది వానాకాలంలోనే, గత్తర వచ్చేదీ అప్పుడే. ఉట్నూరు, నార్నూరు వైపు గూడేలనుంచి వాంతులు విరేచనాల వార్తలు ఇప్పటికీ పేపర్లో వానాకాలంలోనే చదువుతున్నాం. ఆ గూడేల పిల్లలు మన హాస్టల్లోనూ ఉన్నారు.

ఈ పని ఎవరిది? హెడ్మాస్టరు గారికి వంద పనులు. అటెండరు రిటైరై రెండేళ్లయింది, ఆ పోస్టు ఖాళీ. ప్లాంటు అమ్మినవాళ్లు ఏడాది చూస్తారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తుతారో లేదో. మనం మళ్లీ కలిసేది ఎప్పుడో. అందుకని కార్యదర్శిని అడక్కుండానే ఒక పని చేశాను. హైదరాబాదు నుంచి వస్తూ ఐదు దీపాలు, రెండు క్వార్ట్జ్ గొట్టాలు, క్లోరిన్ కొలిచే చిన్న కిట్టు తెచ్చాను. ప్లాంటు మోడల్ ముందే ఫోన్‌లో కనుక్కున్నాను. ఐదేళ్లకు సరిపోతాయి. సైన్సు టీచరమ్మతో మాట్లాడాను. తొమ్మిదో తరగతి పిల్లలతో వారానికి ఇద్దరి చొప్పున చేయిస్తానన్నారు. కొలవడం, రాయడం పిల్లలు చేస్తారు, విప్పి కడిగేటప్పుడు స్విచ్చి తీసి టీచరమ్మ పక్కన ఉంటారు. వెలుగుతున్న ఆ దీపాన్ని నేరుగా చూడకూడదు, కళ్లు దెబ్బతింటాయి, అది పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

ఇదిగో రిజిస్టరు. ఓడలో రాసినట్టే గీతలు గీయించాను. "ఆన్, ఆఫ్" అన్న గడి ఇందులో పెట్టలేదు. దీపం గంటలు ఎన్ని, గొట్టం ఎప్పుడు కడిగారు, ట్యాంకు నీటిలో క్లోరిన్ ఎంత, డ్రమ్ము ఎప్పుడు ఖాళీ చేశారు, అంతే. లెక్కల సారు ముందు వరసలో ఉన్నారు, మొదటి సంతకం ఆయన పెట్టాలని నా కోరిక.

పొద్దున ఒక్కణ్నే మేడ ఎక్కి ట్యాంకు దాకా వెళ్లాను. మూత సగం పగిలి ఉంది, లోపల పావురం ఈకలున్నాయి. భోజనాలయ్యాక చీపుర్లు, బకెట్లు, బ్లీచింగ్ పౌడరు తీసుకుని పైకి పోదాం. మోకాళ్లు బాగున్నవాళ్లు నాతో రండి, బాగాలేనివాళ్లు కింద మోటారు స్విచ్చి దగ్గర నిలబడండి.